మానుకోటల హంతకుడు దొరకలేదు

తెలంగాణ ఉద్యమం నడిచిన రోజులల్ల మానుకోటల నాకు రెండు కొలువులుండె. స్టేషన్ బోర్డు మీద ఆ ఊరి పేరు మహబూబాబాద్ అని ఉంటది గని మా నోర్లల్ల మానుకోటనే. ఒక కొలువు జూనియర్ కాలేజీల గెస్ట్ లెక్చరర్. రెండోది, కొత్తగ వచ్చిన సినిమాల రాజకీయం ఉందో లేదో చూసి చెప్పుడు. మొదటిదానికి జీతం యాదికొచ్చినప్పుడు ఇచ్చేటోళ్లు. రెండోదానికి జీతమే లేదు గని ఛాయ్ మాత్రం తప్పకుంట వచ్చేది. అందుకని నాకు రెండోదే పర్మినెంటు కొలువు లెక్క అనిపించేది.

ఆ కొలువు నేను అడిగి తెచ్చుకున్నది కాదు. ఏ కొత్త సినిమా అయినా శుక్రవారం పొద్దుగాల ముందు ఉద్యమ కమిటీ చూడాలె, కమిటీ సరే అన్నంకనే జనానికి ఆట వెయ్యాలె అని ఊళ్లె తీర్మానం చేసిన్రు. కమిటీ కన్వీనర్ బడిల డ్రిల్లు సారు. ఒకనాడు నన్ను నడి బజార్ల ఆపిండు.

“లెక్చరర్ సాబ్, నువ్వు చదివింది ఏంది?”

“పొలిటికల్ సైన్స్ సార్.”

“ఇగ గంతే. రాజకీయం యాడ దాక్కున్నా నీకు కనపడాలె.”

నేను చదివిన రెండేండ్లల్ల సినిమా మీద ఒక్క పేపరు గూడ లేకుండె. ఆ ముచ్చటే చెప్పిన. వినయం అనుకున్నరు.

డ్రిల్లు సారుకు మెడల ఎప్పుడూ ఈల ఉండేది. బందుల వల్ల బడి మూతబడ్డా ఈల మాత్రం డ్యూటీ దిగలే. టాకీసుల ముంగటి వరుసల కూసోని, అనుమానం వచ్చిన కాడల్ల ఈల ఊదేటోడు. ఊదంగనే పైన ఆపరేటర్ మిషిన్ ఆపాలె. లైట్లు ఎలిగేవి. సారు లేచి, తెర దిక్కు చెయ్యి చాపి, అభ్యంతరం చెప్పేటోడు. ఒక సినిమాల పోలీసు పెద్దాఫీసరు రూముల గోడకు రాష్ట్రం పటం ఉండె.

“గా పటం ఒక్క ముక్కల ఎందుకుంది?”

“సార్, ఇంకా రెండు ముక్కలు కాలేదు గద,” అన్న.

“అయితదని తెల్వదా వానికి?”

సినిమా తీసినోనికి భవిష్యత్తు తెల్వదన్న సంగతి నమ్మించేసరికి ఇంటర్వెల్ దాటింది. ఆ పటం అక్కడికి ఎట్ల వచ్చి ఉంటదో నాకు కండ్లకు కట్టినట్టు కనపడేది. ఆఫీసు అన్నంక గోడకు ఒక పటం ఉండాలె. ఎవరో అసిస్టెంటును బజారుకు తోలుంటరు. దుకాణంల దొరికింది వాడు తెచ్చి మేకుకు తగిలించి ఉంటడు. మేము మాత్రం ఇక్కడ మానుకోటల దాని మీద చర్చ పెట్టినం.

ప్రేమ సినిమాలతోని అంత తిప్పల లేకుండె. కష్టమంత థ్రిల్లర్లతోనే. థ్రిల్లర్ అన్నది చూసేటోనికి అనుమానపడుడు నేర్పుతది. గడియారం చూపెడితె గడియారం మీద అనుమానం, పాలోడు వస్తె పాలోని మీద అనుమానం. మా కమిటీకి ఆ విద్య కొత్తగ నేర్పే అవసరం లేకుండె. లీడర్ల రాజీనామాలు, ప్రకటనలు, మాట ఇచ్చి మల్ల మింగుడు, అన్నీ చూసి చూసి ఊరంతా అప్పటికే ఎవల్నీ నమ్మని థ్రిల్లర్ల ఉన్నది.

నా సంగతి చెప్పాలంటె, రైలు కట్టకు ఆనుకోని ఒక రూము. మాది జనగామ. అవ్వ, నాయిన అక్కడనే. నెలకో పారి పోయి వచ్చేటోణ్ని. కాలేజీల పాఠం ఉన్ననాడు మనుషులుండేటోళ్లు. బందు వచ్చిందంటె పిల్లలందరు తండాలకు, ఊర్లకు పోయేటోళ్లు. గంగారం అడవి దిక్కు పిల్లలయితె పోయిన్రంటె మల్ల ఎప్పుడొస్తరో వాళ్లకే ఎరుక లేదు. నేను మాట్లాడితె నలుగురు నవ్వేది నిజమే. హోటల్ల నా చుట్టు ఎప్పుడూ గుంపు ఉండేది. నవ్వుడు అయిపోయినంక మాత్రం ఎవల ఇంటికి వాళ్లు పోయేటోళ్లు. నవ్వించేటోణ్ని ఎవరూ బువ్వకు పిలువరు. వానికి ఏం తక్కువ అనుకుంటరు.

బువ్వకు పిలిచింది ఒక్కడే. టాకీసు మేనేజర్.

నాకన్న పెద్ద, అన్నా అనేటోణ్ని. టాకీసును లీజుకు పట్టి నడిపేది ఆయననే. వాళ్ల నాయిన ఎప్పుడో కృష్ణ అవతలి దిక్కు నుంచి వచ్చి కురవి కాడ మిరప తోట పెట్టిండు. అన్న పుట్టింది, బడికి పోయింది, దెబ్బలు తిన్నది, అంత ఇక్కడనే. ఇంట్ల అమ్మతోని అటు మాట, బయట మాతోని ఇటు మాట. సినిమా డబ్బా పంపే విజయవాడ వాళ్ల ఫోను వస్తె, “అలాగేనండీ, మరేం పర్లేదండీ,” అనేటోడు. ఫోను పెట్టి నా దిక్కు తిరిగి, “సంపుతున్నర్ర బై,” అనేటోడు. ఒక్క ఊపిర్ల. రైలు పట్టాలు మారినంత చప్పుడు గూడ కాకపోయేది.

మధ్యాహ్నం వదినె పంపిన టిఫిన్ డబ్బ ఇద్దరం పంచుకునేటోళ్లం. ఆట నడుస్తుంటె బాల్కనీల వెనుక వరుసల కూసోని హంతకుడు ఎవరో పందెం కట్టేటోళ్లం. ఆయనకు ముందే తెలిసేది. అయినా కావాలని తప్పు మనిషిని చెప్పి నన్ను గెలిపించేటోడు. నాకా సంగతి తెలుసని ఆయనకు తెలుసు. దోస్తానా అంటె నాకు అప్పట్ల ఇంతకన్న పెద్ద అర్థం ఏం లేకుండె.

ఉద్యమం ముదిరినా కొద్ది ఆ టాకీసును కొందరు ‘ఆంధ్రోళ్ల టాకీసు’ అనుడు మొదలువెట్టిన్రు. అనేటోళ్లల్ల ఆయనతోని గోలీలాడినోళ్లు గూడ ఉన్నరు. ఆయన గేటు మీద పెద్దగ ‘జై తెలంగాణ’ రాయించిండు. రాయించినందుకు, చూసినవా భయపడి రాయించిండు అన్నరు. ఒకనాడు టిఫిన్ డబ్బ మూత పెట్టుకుంట అన్నడు, “తమ్మీ, వీళ్లు నన్ను పొమ్మంటె ఎక్కడికి పోతనో నాకే తెల్వదు. నాకు వేరే ఊరు రాదు.”

భాష రాదన్నట్టు అన్నడు. నేను దానికి ఏదో జోకు వెయ్యబోయిన. రాలే.

ఆ టైముల వచ్చింది ఆ థ్రిల్లర్. పట్నంల వరుసగ హత్యలు. చంపేటోడు మొఖానికి నల్లబట్ట కట్టుకుంటడు. హీరో పోలీసు. హీరోకు సాయం చేసే ఒక డాక్టరు ఉంటడు, మల్లెపువ్వసొంటి మనిషి, పుస్తకం చదివినట్టు మాట్లాడుతడు. నేను అన్న చెవుల “డాక్టరే” అన్న. అన్న, “ఊకో తమ్మీ, డాక్టరు పాపం,” అన్నడు. అంటె డాక్టరేనని తేలిపోయింది.

ఆ శుక్రవారం డ్రిల్లు సారు మొదటి సగంలనే ఈల ఊదీ ఊదీ అలిసిపోయిండు. హీరోయిన్ చీర రంగు మీద ఒక అభ్యంతరం, హీరో తాగిన నీళ్లు ఏ నది నీళ్లు అన్న దాని మీద ఒకటి. ఆఖరి రీలు ముంగట స్టేషన్ కాడ రాస్తారోకో అని కబురొచ్చింది. సారు లేచి, “లెక్చరర్ సాబ్, మిగిలింది నువ్వు చూడు. నాకయితె ఏం కనపడలే,” అని మంది తోని పోయిండు.

అంత పెద్ద టాకీసుల ఇద్దరం మిగిలినం. హీరో నల్లబట్ట గుంజిండు. డాక్టరే. అప్పటిదాక మల్లెపువ్వు లెక్క ఉన్న మనిషి మొఖం మారింది, గొంతు మారింది, దాంతోపాటే మాట మారింది. “ఏందిర బై, పట్టుకుంటనే అయిపాయెనా? నేనెవన్నో ఎరికేనా?” అని మొదలువెట్టి, చచ్చేదాక అచ్చంగ మా నాయిన మాట్లాడినట్టే మాట్లాడిండు. ఎన్ని రోజులు మంచోని లెక్క నటించిండో అన్ని రోజులు కృష్ణ అవతలోళ్ల మాట. అసలు రూపం బయటపడంగనే మా మాట.

లైట్లు ఎలిగినయి. అన్ననే ముందుగ అన్నడు, “నా తీర్గనే ఉన్నడు గద, ఫోను పెట్టెయ్యంగనే.”

నవ్వుదామని అన్న మాటనే. ఇద్దరం నవ్వలే.

ఇది కావాలని పెట్టిన్రా, పెట్టలేదా? కమిటీ నన్ను పెట్టుకున్నదే ఈ ప్రశ్న కోసం. నిజం చెప్పాలంటె నాకు తెల్వలే. మా జనగామ టాకీసుల నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న. మా మాట మాట్లాడేటోడు తెర మీదికి వస్తె వాడు జేబులు కొట్టేటోడన్న అయితడు, తన్నులు తినేటోడన్న అయితడు. వాడు నోరు తెరవంగనే టాకీసంత నవ్వేది. అందరికన్న ఎక్కువ నవ్వేది మా నాయిననే. ఇంటికొచ్చి అదే మాటతోని అవ్వను నీళ్లు తెమ్మనేటోడు, అవ్వ తెచ్చేది, ఎవరూ నవ్వకపోయేటోళ్లు.

ఎవడన్న నలుగురు కూసోని, తలుపులు ఏసుకోని, వీళ్లను తక్కువ చేసి చూపెట్టాలె అని కుట్ర చేసి ఉంటె నాకు అంత బాధ ఉండకపోవు. కుట్ర చేసేటోళ్లు కనీసం మనల్ని యాది చేసుకుంటరు. ఇక్కడ అది గూడ జరిగి ఉండదు. రాసేటోనికి హంతకుడు కరుగ్గ మాట్లాడాలె అనిపించి ఉంటది, చెయ్యి దానంతల అదే మా దిక్కు వచ్చి ఉంటది, పక్కకున్నోడు ‘బాగుంది సార్’ అని ఉంటడు. అందరు టిఫిన్‌కు పోయి ఉంటరు.

కాని మధ్యాహ్నం ఆటకు వచ్చే జనానికి ఈ ఉపన్యాసం ఇయ్యలేం. రాజకీయం ఉంది అని నేను చెప్తె సినిమా ఆగుతది. ఆంధ్రోళ్ల టాకీసు మమ్మల్ని తిట్టే సినిమా తెచ్చింది అని పేరు పడుతది. లేదు అని చెప్తె జనం వాళ్లే చూస్తరు, కుర్చీలు లేస్తయి, పేరు ఇంకా గట్టిగ పడుతది. ఎట్ల చూసినా ఊరు ఇడిసి పోవలసింది అన్ననే.

“కోస్తే?” అన్నడు అన్న.

“ఎంత?”

“బట్ట మీద చెయ్యి పడ్డ కాడి నుంచి. డబ్బా వాపస్ పంపేటప్పుడు మల్ల అతికిద్దం.”

ఆపరేటర్‌ను ఛాయ్‌కు పంపి, అన్న బ్లేడు పట్టుకుండు, నేను రీలు పట్టుకున్న. ప్రభుత్వ సెన్సారు అయిపోయినంక, డ్రిల్లు సారు సెన్సారు అయినంక, ఇది మూడోది. పొలిటికల్ సైన్స్ నాకు ఉపయోగపడిన సందర్భం ఆలోచిస్తె ఇదొక్కటే.

ఇప్పుడు సినిమా ఎట్ల తయారైందంటె, హీరో హంతకుణ్ని మూలకు తోలి, నల్లబట్ట మీద చెయ్యి వేస్తడు. అంతే. శుభం.

మధ్యాహ్నం ఆట నిండింది. శుభం పడ్డంక ఎవ్వరూ లేవలే. నేను బాల్కనీల తలుపు పక్కకు నిలబడ్డ, పారిపోవుడు అల్కగ ఉంటదని. అప్పుడు ముంగటి దిక్కు నుంచి ఒక గొంతు లేచింది.

“వారీ! చెప్పలే!”

“ఏం జెప్పలే?”

“సంపినోడు ఎవడో చెప్పలే! ఎట్ల చెప్తడు? మనల్ని ఇన్నేండ్ల సంది సంపుతున్నదెవడో ఎవడన్న చెప్తుండా?”

ఒకడు చప్పట్లు కొట్టిండు. ఇంకొకడు. తర్వాత టాకీసు ఊగింది. ‘జై తెలంగాణ’ అనుకుంటనే బయటికి పోయిన్రు. మేనేజరన్న నా మొఖం చూసిండు, నేను ఆయన మొఖం చూసిన. మేము ఒక మామూలు హత్యల సినిమాను కోసి ఉద్యమ సినిమా చేసినమని అప్పుడు తెలిసింది.

ఆ వారం మానుకోటల వేరే ముచ్చట లేదు. హోటల్ల ఛాయ్ చల్లారేది. హంతకుడు ఢిల్లీ అని ఒకడు. కాదు, పొద్దున ఒక మాట సాయంత్రం ఒక మాట చెప్పే మన లీడరే అని ఒకడు. నల్లబట్ట అంటె కండ్లకు గంతలు, న్యాయదేవత, కోర్టు అని ఒక వకీలు. టాకీసు గేటు కాడ టికెట్లు చింపే ఆయన కురవి పక్క తండా మనిషి, అన్నీ విని అన్నడు, “మీరన్న నయం సార్. మా తండా భాషల ఇంతవరకు సినిమాల ఎవ్వడు ఖూనీ సుత చెయ్యలే.”

డ్రిల్లు సారు అయితె మనిషే మారిపోయిండు. సినిమా తీసినోడు లోపల్లోపల మనోడే, పైకి చెప్పుకోలేక ఆఖరు అట్ల ఇడిసిపెట్టిండు అని మైకుల చెప్పిండు. పోస్టరుకు పాలతోని అభిషేకం పెట్టిన్రు. మామూలుగ హీరో బొమ్మకు పోస్తరు. ఇక్కడ డైరెక్టరు పేరుకు పొయ్యాలె, ఆ పేరు పోస్టరు కింద మూలకు చీమలంత అక్షరాలల్ల ఉండె. గురి కుదరక పాలన్ని పక్కకున్న టైలర్ దుకాణం బోర్డు మీద పడ్డయి.

నన్ను గూడ పిలిచి అడిగిన్రు. “లెక్చరర్ సాబ్, నువ్వు చెప్పు, డైరెక్టరు గిది కావాలనే చేసిండు గద?”

“ఆఖరు అట్ల పెట్టింది మాత్రం కావాలనే,” అన్న. అబద్ధం కాదు.

నవ్వొచ్చే సంగతే గని ఆ రోజులల్ల నా అంత ఒంటరిగ ఉన్న మనిషి మానుకోటల ఇంకొకడు లేడు. ఊరంత ఒక ప్రశ్న అడుగుతుంటె జవాబు నా నోట్ల ఉంది, చెప్పరాదు. అంతకుముందు అయితె మాట్లాడేటోడు లేక ఒంటరితనం. ఇప్పుడు పది మంది నడుమ కూసోని ఒంటరితనం. అన్నతోని మాట్లాడుదమంటె ఆయన గూడ తగ్గిచ్చిండు, ఇద్దరం గుసగుసలాడితె ఎవరన్న చూస్తరని. టిఫిన్ డబ్బ వచ్చేది, సగం నాకు పంపేటోడు, మనిషి రాకపోయేటోడు.

బతుకమ్మకు జనగామ పోయిన. రైలు దిగి ఇంటికి నడుస్తుంటె చౌరస్తాల పొగ కనపడ్డది. మేము పాలు పోసిన పోస్టరే. ఇక్కడ కాలబెడుతున్నరు. ఇంకో డబ్బా జనగామకు వచ్చిందట, అందుల ఆఖరు ఆఖరు లెక్కనే ఉందట. మొదటి ఆటకే కుర్చీలు లేచినయట.

“ఏమైంది బిడ్డ, గట్లున్నవు?” అని అవ్వ అడిగింది.

“సినిమా కాలబెడుతున్నరవ్వా.”

“సినిమనే గద. మనుషులు మంచిగున్నరా?”

నేను బతుకమ్మ ఆడుడు అయిందాక ఉండలే. తెల్లారే కాజీపేటల రైలు మారి మానుకోట పట్టిన. నేను చేరేసరికే జనగామ కమిటీ నుంచి డ్రిల్లు సారుకు ఫోను వచ్చిందట. తర్వాత చూసినోళ్లు చెప్పిన్రు. అటు నుంచి, “మీ ఊళ్లె గా సినిమా ఇంక నడుస్తుందట, సిగ్గు లేదా?” అని. ఇటు నుంచి సారు, “నోరు సక్కగ రానియ్, గది మన సినిమా!” అని. ఇద్దరు ఒకే ఉద్యమం కోసం ఒకే సినిమా మీద ఒకల్నొకలు ద్రోహి అనుకున్నరు. ఆఖరుకు జనగామ ఆయన హంతకుని పేరు, మాట, అన్నీ చెప్పిండు.

టాకీసు ముంగట మంది. మెట్ల మీద అన్న నిలబడ్డడు, పక్కకు డ్రిల్లు సారు. కోసిన ముక్క బయటికి తెప్పిచ్చిన్రు. సారు దాన్ని ఎండకు పట్టి, కండ్లద్దాలు పైకి జరిపి, ఒక్కొక్క బొమ్మ చూస్తుండు. బొమ్మల డాక్టరు నోరు తెరిచి ఉన్నడు. తర్వాత బొమ్మల గూడ తెరిచే ఉన్నడు.

“ఏం మాట్లాడుతుండో కనపడ్తలేదు గద,” అన్నడు సారు.

ఎవరూ నవ్వలే. మందిల నుంచి ఒకడు అరిచిండు, “మనల్ని తిట్టింది దాచిపెట్టి మనకే టికెట్లు అమ్మిండు సార్! ఆంధ్రోడు ఆంధ్రోడే!” ఇంకొకడు మెట్లెక్కబోయిండు. అన్న చేతులు రెండు ముంగటికి కట్టుకోని నిలబడ్డడు. ఏ మాట మాట్లాడినా తప్పయితదని నోరే తెరువలే.

నేను మందిని జరుపుకుంట మెట్లెక్కిన. “సార్, కోసింది నేను,” అన్న.

“ఏందీ?”

“నేనే కోసిన. శుక్రవారం నాడు మీరు రాస్తారోకోకు పోయినంక. రీలు నేను పట్టిన, చెప్పింది గూడ నేనే. అన్నకు సంబంధం లేదు.”

నా జన్మల అంత సీదాగ నేను ఎన్నడూ మాట్లాడలే. వెనుక నుంచి ఎవడో కిసుక్కుమన్నడు. పక్కోడు నవ్విండు. చూస్తుండంగనే మంది మందంత నవ్వుకుంట ఊగిపోయిన్రు.

“గిప్పుడు గూడ పరాచికాలేనా సాబ్!”

“పొలిటికల్ సైన్స్ తోని కోసిండట్ర బై!”

“నిజంగ నేనే,” అన్న. నవ్వు ఇంకింత పెరిగింది. మూడోసారి అంటె డ్రిల్లు సారు గూడ కడుపు పట్టుకుండు. మెట్లెక్కబోయినోడు నవ్వు ఆపుకోలేక కిందనే కూసున్నడు. కోపం దిగిపోయింది. నా నిజం ఆ పని చేసింది, అబద్ధం కంటె మంచిగ.

సారు కండ్లు తుడుసుకోని, పెద్దమనిషి తీర్గ అన్న భుజం మీద చెయ్యి వేసిండు. “అన్నా, నువ్వు వేరే అని మేము ఎన్నడన్న అన్నమా? నువ్వు మనోడివే. అందుకే ఒక్క మాట అనకుంట ఇడిసిపెడుతున్నం.” మంది దిక్కు తిరిగి, “మనోడా కాదా?” అన్నడు. అందరు, “మనోడే!” అని చప్పట్లు కొట్టిన్రు. సారు అలవాటు కొద్ది ఈల ఊదిండు. మంది కదిలింది.

అన్న చప్పట్లు అయిపోయిందాక దండం పెట్టుకుంటనే ఉన్నడు.

ఆ నెల గడవకముందే టాకీసు లీజు వదులుకుండు. నాతోని ముందుగ చెప్పలే. ఒకనాడు టిఫిన్ డబ్బ రాలే. పోయి చూస్తె ఇంటికి తాళం. వాళ్లు భూపాలపల్లికి పోయిన్రని గేటు కాడి ఆయన చెప్పిండు. అక్కడ ఎవరిదో టాకీసు, చూసుకునే మనిషి కావాలన్నరట.

చలి మొదలైనంక ఒక ఆదివారం భూపాలపల్లి పోయిన. బొగ్గు బాయిల ఊరు. పరకాల దాటినంక తొవ్వ మీద దుమ్ము రంగు మారుతది. నన్ను చూసి అన్న సంబరపడ్డడు. చేసేది మేనేజరు పనే గని ఇక్కడ మిషిన్ రిపేరు గూడ చూస్తుండు, చేతులకు నూనె ఉంది. “మంచి టైముకే వచ్చినవ్ తమ్మీ,” అని తీస్కపోయి బాల్కనీల కూసోబెట్టిండు. తెర మీద పేర్లు పడేదాక నాకు తెల్వలే. అదే సినిమా. ఎక్కడెక్కడో తిరిగి తిరిగి ఇప్పుడు ఇక్కడికి వచ్చింది, కోతల్లేకుంట.

“అన్నా, ఆఖరి రీలు?”

“ఉంటది. చూడు.”

టాకీసుల నిండ బాయి కార్మికులు, వాళ్ల కుటుంబాలు. అటు దిక్కోళ్లు, ఇటు దిక్కోళ్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి బాయిల దిగినోళ్లు. హీరో చెయ్యి నల్లబట్ట మీద పడ్డది. నా కాళ్లు తలుపు దిక్కు తిరిగినయి. బట్ట ఊడింది. డాక్టరు, “ఏందిర బై,” అన్నడు.

టాకీసు లేచి నిలబడ్డది. ఈలలు, కేకలు. “మనోడ్రా! అరె, డాక్టరు సాబ్ మనోడే!” అని ఎవడో కండువ ఎగిరేసిండు. అప్పటిదాక డాక్టరును పట్టించుకోని జనం అప్పటి నుంచి ఆయన పార్టీ అయిపోయిన్రు. ఆయన హీరోను కొడితె చప్పట్లు. హీరో ఆయనను కాలిస్తె, “అన్యాయం!” అన్నరు. శుభం పడ్డంక, ఇంత మంచి డాక్టరును ఉత్తపుణ్యానికి సంపిన్రని ఒక అవ్వ తిట్టుకుంట బయటికి పోయింది.

మూడు ఊర్లు. ఒక ఊళ్లె పాలు, ఒక ఊళ్లె నిప్పు, ఒక ఊళ్లె ఈలలు. సినిమా తీసినోడు ఈ మూడింట్ల ఏది అనుకోని తీసిండో నాకు అప్పుడూ తెల్వలే, ఇప్పుడూ తెల్వదు. అతనికి గూడ తెల్వదని నా అనుమానం. కోయకుంట చూపెడితె మానుకోట ఏం చేసేదో, కుర్చీలు ఇరగ్గొట్టేదో, కండువలు ఎగిరేసేదో, అది ఇంక ఎవరూ చెప్పలేరు. ఆ ప్రయోగం మేమిద్దరమే చెడగొట్టినం.

“వాపస్ రా అన్నా,” అన్న, బయట ఛాయ్ తాగుకుంట. “ఎవరికీ కోపం లేదు. సారు గూడ అడుగుతుండు.”

“కోపం లేదని నాకు ఎరికే తమ్మీ.”

“మరి?”

ఆయన గ్లాసు ఊపిండు. “ఆ దినం తిట్టినా ఉండేటోణ్నే. రెండు కొట్టినా ఉండేటోణ్నేమో. మనోడే అని చప్పట్లు కొట్టి ఓటేసిన్రు సూడు, అక్కడనే పుట్టినోనికి. ఆ చప్పట్లు ఇన్నంక మల్ల ఆ మెట్లు ఎక్కబుద్ధి కాలే.” అని, “ఇక్కడ నన్ను ఎవరూ ఏమనరు. మనోడు అని గూడ అనరు. మంచిగుంది,” అన్నడు.

దీనికి జవాబు చెప్పే మాట నా దగ్గర ఉంటదని ఆయన నా దిక్కు చూసిండు. నా దగ్గర ఎప్పుడూ ఒకటి ఉంటది గద. నేను ఛాయ్ పైసలిచ్చి బస్టాండు దిక్కు నడిచిన.

బస్టాండుల పరకాల బస్సు వచ్చి ఆగక ముందే ఆయన ఉరికి, జేబుల నుంచి దస్తీ తీసి కిటికీల నుంచి సీటు మీద వేసిండు, నాకు జాగ ఆపనీకి. మా దిక్కు రద్దీ ఉన్నా లేకున్నా అట్లనే వేస్తరు. ఎక్కి చూస్తె బస్సుల మనుషులే లేరు. నేను నవ్విన, ఆయన కింద నుంచి నవ్విండు. దస్తీ వాపస్ ఇద్దమని కిటికీకి వంగేసరికి బస్సు కదిలింది. ఆయన, “ఉండనీ ఉండనీ,” అని చెయ్యి ఊపిండు. నేను దస్తీని పక్క సీటు మీద పరిచిన.

రేగొండ దాటేసరికి బస్సు నిండవట్టింది. మొగుళ్లపల్లికి తిరిగే తొవ్వ కాడ ఒక పెద్దాయన సంచి పట్టుకోని ఎక్కి, నా పక్క సీటు చూసిండు. దాని మీద దస్తీ ఉంది.

“ఎవరన్న ఉన్నరా కొడుకా?”

“ఆ బాపూ. వస్తడు,” అన్న.

ఆయన ఇంకో సీటు దొరికిచ్చుకుండు. పరకాల దాక ఇంకో ఇద్దరు అడిగిన్రు. వాళ్లకు గూడ అదే చెప్పిన.